పదకొండు వేసవి రీడింగులు

హైదరాబాద్,
18 ఆగస్టు 1996.

బాబాయికి,

నేను క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను, నమ్మకు. మూడు రోజులుగా కోపంతో అన్నం సయించడం లేదు. మా గైడు గారితో గొడవ సంగతి నాన్నకు ఫోన్ చేసి చెబితే "పెద్దాయన చెప్పినట్టు చెయ్యమ్మా" అన్నారు. అందుకే నీకు రాస్తున్నాను. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా రాయిని కరిగించి కొలుస్తున్నావు. కొలతల మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఏం చెయ్యాలో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ముందు నా పని ఏమిటో విను. పోయినసారి జగ్గయ్యపేట వచ్చినప్పుడు చెప్పబోతే, పిన్ని చేత పెసరట్టు వేయించి నా నోరు మూయించావు. నీ కుడి బొటనవేలి మీద పులిపిరి ఉంది చూడు, సున్నం, బెల్లం రాసి రాసి మొండిదాన్ని చేసుకున్నావు. అది పాపిలోమా అనే వైరస్ వల్ల వచ్చింది. ఆ కుటుంబంలోనే ఇంకొన్ని రకాలు ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం దగ్గర కాన్సరు తెస్తాయి. నేను చూసేది అలాంటి రకాన్ని. దానికి మొత్తం ఎనిమిదో తొమ్మిదో జన్యువులు. చర్మం అడుగు పొరలో ఉన్న లేత కణంలో దూరి, చడీచప్పుడు లేకుండా ఉంటుంది. ఆ కణం ముదిరి పై పొరకు వచ్చాకే తన పైతొడుగు తయారుచేసే జన్యువులను తెరుస్తుంది. వాటిని మేము ఆఖరి జన్యువులు అంటాం. వాటిని ఎప్పుడు మూసి ఉంచాలో, ఎప్పుడు తెరవాలో చెప్పేదెవరు? ఇదే నా ప్రశ్న.

మా గైడు దశరథరామయ్య గారి లెక్కలో ఆ పెత్తనమంతా వైరస్‌దే. ఈ2 అని వైరస్ తయారుచేసుకునే ప్రోటీన్ ఒకటుంది. అది వైరస్ డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను అణచిపెడుతుంది. ఇంతవరకూ నిజమే, నేనూ చూశాను. ఆయన ఇంకో అడుగు ముందుకు వేసి, అన్నిటికీ అదొక్కటే చాలు, కణం చేసేదేమీ లేదు అంటారు. ఆయనకు పేరొచ్చింది ఆ మాట మీదే.

మూడేళ్లలో ముప్పై ఒక్కసార్లు ప్రయోగం చేశాను. ఇరవైసార్లు ఆయన చెప్పినట్టే ఆఖరి జన్యువులు మూసుకుని ఉన్నాయి. పదకొండుసార్లు తెరుచుకున్నాయి. ఈ2 అంతే ఉంది, కణాలు అవే, చేసిన చెయ్యి నాదే. ఆయన అందరి ముందూ ఏమన్నారో తెలుసా? "ఆ పదకొండూ తీసెయ్యమ్మా. చెయ్యి శుభ్రంగా లేకపోతే అలాంటివే వస్తాయి. థీసిస్‌కి ఇరవై చాలు." నా చెయ్యి శుభ్రంగా లేదట!

తీసెయ్యనని చెప్పి వచ్చేశాను. కానీ అవి ఎందుకు తెరుచుకున్నాయో నాకూ తెలియదు. తెలియకుండా ఎన్నాళ్లని మొండికెయ్యను? మార్చితో ఫెలోషిప్ అయిపోతుంది. ఆయన సంతకం లేకపోతే థీసిస్ లేదు, నాలుగేళ్ల చదువు నీళ్ల పాలు. ఏం చెయ్యమంటావు?

నీ
మహతి

*

జగ్గయ్యపేట,
26 ఆగస్టు 1996, సాయంత్రం.

చిరంజీవి మహతికి,

నీ ఉత్తరం మీ పిన్ని రెండుసార్లు చదివించుకుంది. పులిపిరి దగ్గరికి వచ్చినప్పుడల్లా నా వేలు చూసి నవ్వింది. ఇవాళ్టి నుంచి ఆ చేత్తో పచ్చడి జాడీ ముట్టుకోవద్దని హుకుం జారీ అయింది. మా ఇంటికి నువ్వు చేసిన మేలు ఇదీ.

ఇక విషయానికి వస్తాను. నాలుగు పేజీలు రాశావు. వైరస్ గురించి రాశావు, గైడు గారి గురించి రాశావు, నీ కోపం గురించి రాశావు. ఒక్క తేదీ రాయలేదు. పదకొండు అన్నావు, ఏవి ఆ పదకొండు? మా దగ్గర క్వారీ రాయి లారీ దిగిన దగ్గర్నుంచి బస్తా కుట్టేదాకా గంటగంటకూ నమూనా తీస్తాం. ప్రతి కాగితం మీదా తేదీ, షిఫ్టు, తీసినవాడి పేరు ఉంటాయి. అవి లేనిదాన్ని నేను రీడింగు అనను, ఉత్త అంకె అంటాను. కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది ఇదే. అందుకే వెనకాల నన్ను తేదీరావు అంటారు. నాకు తెలియదనుకుంటారు పాపం.

రెండేళ్ల కిందట మా సిమెంటు కొన్ని బస్తాల్లో నీళ్లు కలపగానే బిగుసుకుపోయేది. అలా బిగియకుండా జిప్సం కలుపుతాం కదా, అందరూ ఆ జిప్సం మంచిది కాదని దాని మీద పడ్డారు. నేను కాగితాలన్నీ తేదీల వారీగా బల్ల మీద పరిచాను. చెడ్డవన్నీ సోమవారాలే. ఆదివారం మిల్లు ఆపితే, తొట్టిలో తడి జిప్సం అంటుకుపోయి సోమవారం పొద్దున దిగడం లేదు. సరుకు మంచిదే, పనివాళ్లూ మంచివాళ్లే. వారం చూడకపోవడమే తప్పు.

గైడు గారితో పోట్లాట తర్వాత పెట్టుకుందువు గాని. ముందు ముప్పై ఒక్క తేదీలూ వరసగా రాసి పంపు. నీ చెయ్యి ఎలాంటిదో ఆయన చెబితే తెలుసుకోవాల్సిన ఖర్మ నాకు లేదు. తొమ్మిదో తరగతి సెలవుల్లో మా ల్యాబుకు వచ్చి, స్టూలెక్కి, బ్యూరెట్ నుంచి ఒక్కో చుక్కా లెక్కపెట్టి వదిలిన చెయ్యి అది. అన్నం మానకు.

బాబాయి
కుటుంబరావు

*

హైదరాబాద్,
8 సెప్టెంబరు 1996.

బాబాయికి,

తేదీలు విడిగా కాగితం మీద పంపుతున్నాను గానీ, నువ్వు చూడక్కర్లేదు. రాస్తుండగానే నాకే కనిపించింది. పదకొండూ ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే ఉన్నాయి. మూడు వేసవులు. ఆ మూడు నెలలు దాటి ఒక్కటి లేదు! ప్రయోగాలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంటూ పోయాను తప్ప, క్యాలెండరు పక్కన పెట్టుకుని చూడాలని మూడేళ్లలో ఒక్కసారీ తోచలేదు. నన్ను ఏమన్నా పడతాను.

మా ల్యాబు అటెండరు జ్ఞానయ్య గారిని పట్టుకున్నాను. "ఎండాకాలంలో ఇక్కడ ఏం మారుద్దండీ?" అని అడిగాను. ఆయన ఆలోచించనే లేదు. "నీళ్లమ్మా. ట్యాంకు ఎండిపోద్ది, నీళ్లు కాచే మిషను ఆపేస్తాం. డబ్బాల్లో డిస్టిల్డ్ వాటర్ కొంటారుగా, సారే సంతకం పెడతారు" అన్నారు. కణాలను పెంచే ద్రవాన్ని మేము పొడి తెచ్చి నీళ్లలో కలిపి చేసుకుంటాం. అందులో కాల్షియం దాదాపు లేకుండా చూడాలి, ఉంటే మా కణాలు లేతగా ఉండవు. డబ్బా నీళ్లు నిజంగా కాచి పట్టినవేనా, ఎవరి బోరు నీళ్లో ఎవరు చూశారు?

గైడు గారిని అడిగాను, కొలిపించమని. "నేను సంతకం పెట్టి కొన్న నీళ్లను నువ్వు పరీక్ష చేయిస్తావా?" అన్నారు. అక్కడితో సరి.

అదృష్టం కొద్దీ మే నెలలో కలిపిన ద్రవం సీసా ఒకటి ఫ్రిజ్ వెనకాల మిగిలింది. తేదీ జ్ఞానయ్య గారు వేశారు, నేను కాదు. దానితోపాటు ఈ నెల కలిపిన సీసా కూడా ఇస్తున్నాను. గురువారం పొద్దున విజయవాడ ఎక్స్‌ప్రెస్ బస్సు కండక్టరుకు అప్పజెబుతాను, చిల్లకల్లు దగ్గర హైవే మీద దింపుతాడు. రాయిలో కాల్షియం కొలిచే నీకు ఇదెంత పని? కొలిచి చెప్పు బాబాయీ. తేడా ఉంటే ఆ పదకొండూ నా చేతి మురికి కాదు. లేకపోతే, ఇక నేను పోట్లాడటానికి ఏమీ లేదు.

మహతి

*

కార్డు

జగ్గయ్యపేట, 20 సెప్టెంబరు 1996.

చి. మహతికి. సీసాలు అందాయి. ఇవాళ రెండూ కొలిచాను. రెండింటికీ దాదాపు ఒకే చోట రంగు మారింది. తేడా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. బెంగపడకు. బాబాయి.

*

జగ్గయ్యపేట,
23 సెప్టెంబరు 1996, మధ్యాహ్నం.

చిరంజీవి మహతికి,

నా కార్డు అంది ఉంటే చింపెయ్యి. కాదు, చింపకు, దాచు. నేను చేసిన తప్పు కూడా తేదీతో సహా ఉండాలి.

కార్డు పోస్టు చేసి ఇంటికొచ్చి మజ్జిగ తాగుతుంటే తట్టింది. మీ ద్రవంలో ముందే ఎర్రరంగు ఉంది. మేము కాల్షియం కొలిచేటప్పుడు క్షారం పోసి, రంగు వేసి, ఆ ఎరుపు నీలంగా మారిన చుక్క దగ్గర ఆపుతాం. క్షారం పడగానే మీ ద్రవం రాణీరంగుకు తిరిగింది. ఆ రంగు మాటున అసలు మార్పు నాకు కనిపించనే లేదు, రాణీరంగు కాస్త తేలగానే అదే మార్పనుకుని రెండుసార్లూ ఆపేశాను. ఇరవై రెండేళ్లుగా తెల్లటి రాయి కొలిచిన కన్ను, రాయికి సొంత రంగు ఉండదన్న ధీమాతో చూసింది. సిగ్గుగా ఉంది.

మా ల్యాబులో ఏదొచ్చినా ముందు కాలుస్తాం. మీ ద్రవాన్ని మాత్రం, ఖరీదైందని, మర్యాదగా చూశాను. ఆ మర్యాదే కొంప ముంచింది. శని, ఆదివారాలు మిగతా సగం ఆవిరి పట్టి, ఫర్నేసులో పెట్టి బూడిద చేశాను. ఆ బూడిదను ఆమ్లంలో కరిగించి కొలిచాను. ఇప్పుడు రంగు లేదు, ఎవరి మొహమాటమూ లేదు.

ఈ నెల సీసా: లీటరుకు మూడు మిల్లీగ్రాముల కాల్షియం.
మే నెల సీసా: లీటరుకు యాభై రెండు.

మూడేసిసార్లు కొలిచాను. కాగితం జత చేశాను, సంతకం ఉంది.

మీ కండక్టరు చెప్పిన కథ కూడా విను. మద్యనిషేధం రోజులు కదా, కోదాడ దగ్గర ఎక్సైజు వాళ్లు బస్సు ఆపి నీ సీసాలు పట్టుకున్నారట. "గీ ఎర్ర నీళ్లేంది?" అని ఒకాయన మూత తీసి వాసన చూశాడట. "ఏమోనండీ, సిమెంటోళ్లు తాగుతారంట" అన్నాడట మనవాడు. వదిలేశారు.

నీ చెయ్యి శుభ్రంగానే ఉంది తల్లీ. మురికి డబ్బాలో ఉంది.

బాబాయి

*

హైదరాబాద్,
29 సెప్టెంబరు 1996.

బాబాయికి,

నీ కార్డు సోమవారం వచ్చింది. ఉత్తరం గురువారం వచ్చింది. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో నీకు రాయకుండా దాచాలనే అనుకున్నాను. దాచలేకపోతున్నాను.

మంగళవారం నేను గైడు గారి గదికి వెళ్లి, పదకొండు రీడింగులూ తీసేసి జర్నలుకు పంపబోతున్న వ్యాసం మీద సంతకం పెట్టేశాను. ఆయన తల నిమిరారు. "ఇప్పుడు దారిలో పడ్డావు" అన్నారు. హాస్టలుకు వచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను, నిజంగానే. ఎందుకు కడుక్కున్నానో అడగకు.

గురువారం నీ యాభై రెండు చూశాక గది తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే అంతా అర్థమైంది. అడుగు పొర కణానికి కాల్షియం తగిలితే, తాను పై పొరకు వచ్చేశాననుకుని ముదరడం మొదలుపెడుతుంది. ముదిరే కణంలో పాత ప్రోటీన్లు కొన్ని తగ్గి, కొత్తవి కొన్ని పుడతాయి. ఆ కొత్తవి వైరస్ డీఎన్ఏ మీద వాలి ఆఖరి జన్యువులను తెరుస్తాయి. వైరస్ తన ఈ2 తో ఎంత అణచిపెట్టుకున్నా, కణం మారితే ఆట మారిపోతుంది. పెత్తనం ఇద్దరిదీ! బయటి దేశాల్లో ఇంకొందరు కూడా ఇలాంటిదే అంటున్నారట, నేనే మొదటిదాన్నని గొప్పలు పోను. కానీ నా కళ్ల ముందు పదకొండుసార్లు జరిగింది. ఎవరు తీసెయ్యమంటే తీసేస్తాను?

శుక్రవారం వెళ్లాను. మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానండీ."

"ఏమయింది?"

నీ కాగితం ముందు పెట్టాను. చూశారు. "ఎవరీ కుటుంబరావు?"

"మా బాబాయి. జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీ కెమిస్టు."

నవ్వారు. "సిమెంటు వాళ్లు చెబితే వైరస్ గురించి తెలుసుకునే గతి మనకింకా పట్టలేదమ్మా."

"వైరస్ గురించి ఆయన చెప్పలేదండీ. మీరు కొన్న నీళ్ల గురించి చెప్పారు."

ఆయన మొహం నల్లబడింది. కణాలు పెంచే గది జాబితాలో నా పేరు కొట్టేశారు. ఏ రసాయనం కావాలన్నా ఆయన చీటీ ఉండాలి, ఆ చీటీలు ఆపేశారు. నేను నిన్న సరాసరి రీసెర్చి కమిటీ అధ్యక్షుడి చేతికే దరఖాస్తు ఇచ్చాను. మార్చిలోగా నిరూపించమన్నారు. కాల్షియం కావాలనే కలిపి, ఆఖరి జన్యువులు తెరుచుకుంటాయో లేదో చూపించాలి. కలపడానికి నా దగ్గర కాల్షియం లేదు. నవ్వొస్తోంది, సున్నపురాయి మీద పుట్టినదాన్ని.

మహతి

*

కార్డు

హైదరాబాద్, 24 అక్టోబరు 1996.

బాబాయికి. నెల దాటుతోంది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. సంతకం పెట్టినందుకు నా మీద కోపమా? తిట్టు, కానీ రాయి. పక్క ల్యాబు ప్రొఫెసరు గారు ఆదివారాలు తన గది ఇస్తానన్నారు. కాల్షియం ఇవ్వడానికి మాత్రం జంకుతున్నారు. మహతి.

*

నందిగామ,
9 నవంబరు 1996.

చిరంజీవి మహతికి,

కోపం నీ మీద కాదు, నా కార్డు మీద. నువ్వు ఆ మంగళవారం సంతకం పెట్టింది నా కార్డు చూసి. రెండు రోజులు ఆగి, కాల్చి, అప్పుడు రాసి ఉంటే నీ చెయ్యి కడుక్కోవాల్సిన పని ఉండేది కాదు. ఆ తప్పు నాది. తప్పు చేసినవాడు సర్దుబాటు మాటలు రాయకూడదు, ఏదైనా పనికొచ్చేది చెయ్యాలి. అందుకే ఇంత ఆలస్యం.

ఈ ఉత్తరం తెచ్చినాయన దగ్గర ఒక సీసా ఉంటుంది, తీసుకో. మన జగ్గయ్యపేట ఇంట్లో వీధి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునే సున్నపురాయి గుర్తుందా? చిన్నప్పుడు దాని మీద కూర్చుని తేగలు తినేదానివి. దాన్ని సుత్తితో కొట్టి ఒక చెక్క తీశాను. నూరి, ఆమ్లంలో కరిగించి, ఇనుము, ఇసుక లాంటివన్నీ విడగొట్టి, రెండుసార్లు వడగట్టాను. మిగిలింది కాల్షియం క్లోరైడు. దాని బలం ఎంతో సీసా మీద రాశాను. నాలుగుసార్లు కొలిచాను, నాలుగు తేదీలూ వేశాను. దీనికి ఎవరి చీటీ అక్కర్లేదు. మీ గైడు గారు సంతకం పెట్టాల్సిన పని అసలు లేదు.

ఒక్క సలహా. పక్కనే కాల్షియం లేని పళ్లెం కూడా పెట్టు, అదే రోజు, అదే కణాలతో. రాయి నాది కాబట్టి నువ్వు నమ్ముతావు. కమిటీ వాళ్లు ఎందుకు నమ్మాలి?

బాబాయి

అమ్మాయ్ మహతీ, నేను పిన్నిని. ఈ మనిషి చెప్పడు, నేను చెప్తా. ఫ్యాక్టరీ ఫర్నేసులో బయటి సరుకు కాల్చాడని ఎవరో చెప్పారంట, మెమో ఇచ్చారు. అంతటితో పోయేది. ఆ మేనేజరు వేరే ఏదో కాగితం తెచ్చి దాని మీద సంతకం పెట్టమన్నాడంట, ఈయన పెట్టనన్నాడు. ఉద్యోగం మానేసి వచ్చాడు. ఇప్పుడు నందిగామలో జూనియర్ కాలేజీలో ల్యాబు చూసుకుంటున్నాడు. సామానంతా సర్దుకుని వచ్చాం. తలుపు రాయి కూడా మోసుకొచ్చాడు, నాకేమో రోలు వదిలేయించాడు. నీకు రాయొద్దన్నాడు. ఎందుకు రాయను?

*

హైదరాబాద్,
17 నవంబరు 1996.

బాబాయికి,

ఉత్తరం పైన నందిగామ అని చూసి, ఏదో పని మీద వెళ్లావనుకున్నాను. పిన్ని రాసి ఉండకపోతే నాకు ఎప్పటికి తెలిసేది? నా తేదీలు అడుగుతావు, నా సంతకం సంగతి అడుగుతావు, నీ ఉద్యోగం పోయిన సంగతి మాత్రం రాయి వడగట్టినట్టు వడగట్టేస్తావు. ఇదేం న్యాయం? నా రెండు సీసాల కోసం నీ ఇరవై రెండేళ్లు పోయాయి. తెలిస్తే పంపేదాన్నా?

నాకు నిద్ర పట్టడం లేదని రాయను, ఎందుకంటే పడుతోంది. పడుకుని లేచి కోపంగా పనికి వెళుతున్నాను. నీ సీసా పక్క ల్యాబు ఫ్రిజ్‌లో ఉంది. జ్ఞానయ్య గారు దానికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నారు. "సార్ అడిగితే నాకు తెలవదంటానమ్మా" అన్నారు. రిటైరవడానికి ఆయనకు ఇంకా రెండేళ్లున్నాయి. మీరిద్దరూ ఒకే బాపతు.

కానీ నిజం చెప్పు. నేను ఆ పదకొండూ తీసేసి ఉంటే, నువ్వు ఇప్పటికీ జగ్గయ్యపేటలోనే ఉండేవాడివి కదా?

మహతి

*

నందిగామ,
24 నవంబరు 1996.

చిరంజీవి మహతికి,

నీ ప్రశ్నకు జవాబు: ఉండేవాడిని కాదు. నీ సీసాలు వాళ్లకు సాకు. ఆ వారమే ఒక సిమెంటు బ్యాచ్ ఇరవై ఎనిమిదో రోజున చేసే బలం పరీక్షలో తప్పింది. మేనేజరు గారు పిలిచి, "కుటుంబరావు గారూ, ఆ బ్యాచ్ కాగితం మీద సంతకం పెట్టెయ్యండి, మీ మెమో చింపేస్తా" అన్నాడు. "చింపొద్దండీ, దాని మీద తేదీ ఉంది, దాచుకుంటా" అన్నాను. దాచుకున్నాను కూడా, నీ పదో తరగతి మార్కుల జాబితా పక్కనే ఉంది.

ఆ సిమెంటు ఎవరింటి స్లాబు కిందికి పోతుందో నాకు తెలియదు. తెలియదు కాబట్టే సంతకం పెట్టలేదు. నువ్వు చేస్తున్నదీ అదే కదా! ఈ జబ్బుతో రేపు ఏ ఆడమనిషి ఆసుపత్రి బల్ల మీద పడుకుంటుందో నీకు తెలుసా? నీ పదకొండు రీడింగులతో ఆమెకు రేపే మందు దొరకదు, నాకు తెలుసు. దొరికే రోజున ఆ మందు చేసేవాడు నీ కాగితం నమ్మి చేస్తాడు.

నాకు ఇక్కడ బాగానే ఉంది. నమ్మకపోతే వచ్చి చూడు. పిల్లల చేత మునేరు ఏటి నీళ్లు తెప్పించి కొలిపిస్తున్నాను. పెనుగంచిప్రోలు నుంచి వచ్చే ఒక పిల్ల మొన్న నా రీడింగు తప్పని అందరి ముందూ చెప్పింది. చూస్తే నాదే తప్పు. ప్రాణం లేచొచ్చింది.

ఇక నా ఉద్యోగం గురించి రాయకు. ప్రయోగం గురించి రాయి.

బాబాయి

*

హైదరాబాద్,
16 ఫిబ్రవరి 1997, ఆదివారం.

బాబాయికి,

తెరుచుకున్నాయి!

డిసెంబరు 15, జనవరి 12, ఫిబ్రవరి 9. మూడు ఆదివారాలు కణాలకు నీ రాయి నీళ్లు కలిపాను. చలికాలం, ట్యాంకు నిండా నీళ్లు, మిషను నడుస్తోంది. కాల్షియం లేని పళ్లెంలో ఆఖరి జన్యువులు మూసుకుని ఉన్నాయి. నీ రాయి కలిపిన పళ్లెంలో తెరుచుకున్నాయి. రెండింటిలోనూ ఈ2 అంతే ఉంది. మూడోసారికి పక్క ల్యాబు ప్రొఫెసరు గారు ధైర్యం చేసి, కంపెనీ సీసాలోని కాల్షియం క్లోరైడు చిటికెడు ఇచ్చారు. దానితోనూ అంతే వచ్చింది, కాస్త కూడా తేడా లేదు. ఆయన నీ సీసా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్ని తేదీలేమిటమ్మా?" అన్నారు.

మా గైడు గారి మాట అబద్ధం కాదని కూడా రాశాను. లేత కణంలో ఈ2 అణచిపెట్టడం నిజమే. ఆయన చూసింది సగం. మిగతా సగం వేసవిలో ఆయన కళ్లెదుటే జరుగుతుంటే, చెత్తబుట్టలో వెయ్యమన్నారు. ఈ వాక్యం కమిటీకి ఇలా రాయలేదులే, మర్యాదగా రాశాను.

పదకొండు వేసవి రీడింగులకూ థీసిస్‌లో ఒక అధ్యాయం ఇవ్వమని కమిటీ చెప్పింది, గైడు గారు సంతకం ఆపడానికి లేదంది. మార్చి తర్వాత ఫెలోషిప్ ఉండదు. ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ రాస్తాను. గైడు గారు నాతో మాట్లాడటం మానేశారు. నాకు ప్రశాంతంగా ఉంది.

మహతి

*

హైదరాబాద్,
22 మార్చి 1998.

బాబాయికి, పిన్నికి,

నిన్న వైవా అయింది. డాక్టరేటు ఇవ్వవచ్చని రాసి సంతకాలు పెట్టారు. అందరికంటే ఆఖరున గైడు గారు పెట్టారు. పెన్ను పట్టుకుని చాలాసేపు ఉన్నారు, కానీ పెట్టారు.

ఇప్పుడు ఒక నేరం ఒప్పుకోవాలి. ఏయే రసాయనాలు ఎక్కడివో రాసే పేజీలో నేను ఒక వాక్యం రాశాను: "సున్నపురాయి నుంచి తీసిన కాల్షియం ద్రావణం: తయారీ, కొలత, కుటుంబరావు, నందిగామ." గైడు గారు టైపిస్టుకు చెప్పి దాన్ని తీసేయించారు. కంపెనీ పేరు ఉంటే చాలట, తలుపుకు అడ్డం పెట్టే రాయి పరువు తక్కువట. బైండింగు అయి వచ్చాక చూశాను. అయిదు కాపీలు. మళ్లీ టైపు చేయించే వ్యవధి లేదు. నల్ల సిరా పెన్ను తీసుకుని, అయిదింటిలోనూ, ఆ పేజీలో ఖాళీ ఉన్న చోట, నా చేత్తో ఆ వాక్యం రాసి ఇచ్చేశాను.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు తెల్లజుట్టు ఆయన. సరిగ్గా ఆ పేజీ తీశారు. "ఇదేమిటి, చేతిరాత?"

"టైపులో పోయిందండీ. ప్రయోగంలో పోలేదు" అన్నాను.

గైడు గారు కిటికీ వైపు చూస్తున్నారు. తెల్లజుట్టు ఆయన అడిగారు, "ఎవరీ కుటుంబరావు గారు?"

ఏదో గొప్పగా చెప్పాలని ముందే అనుకున్నదంతా మర్చిపోయాను. "మా బాబాయండీ. సంతకం పెట్టమంటే పెట్టని మనిషి" అన్నాను. ఆయన తలూపి పేజీ తిప్పారు. తర్వాతి ప్రశ్న ఈ2 మీద అడిగారు. దానికి బాగానే చెప్పాను.

అయిదో కాపీ నాది. అది నీకు పంపుతున్నాను, రిజిస్టర్డ్ పోస్టులో. నూట పద్దెనిమిదో పేజీ చూడు.

మహతి

*

నందిగామ,
2 ఏప్రిల్ 1998, ఉదయం.

చిరంజీవి డాక్టర్ మహతికి,

పుస్తకం చేరింది. మీ పిన్ని అట్టకు పసుపు, కుంకుమ పెట్టింది. నూట పద్దెనిమిదో పేజీ తీసి చూపిస్తే, ఇంగ్లీషు రాకపోయినా నా పేరు దగ్గర వేలు పెట్టి తడిమింది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచిపెట్టను. ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లలో ఎన్ని వేల కాగితాల మీద పేరు రాశానో లెక్కలేదు. ఒక మనిషి పట్టుబట్టి నా పేరు రాయడం ఇదే మొదలు.

మూడు రోజులు కూర్చుని చదివాను. సగం అర్థం కాలేదు. వేసవి అధ్యాయం మాత్రం పూర్తిగా అర్థమైంది. పదకొండు రీడింగులకూ తేదీలున్నాయి. పెనుగంచిప్రోలు పిల్లకు చూపించాను. రాయి మళ్లీ తలుపు దగ్గరే ఉంది, ఒక చెక్క తక్కువగా. పులిపిరి మాత్రం దానంతటదే రాలిపోయింది. సున్నమూ కాదు, బెల్లమూ కాదు. అది ఎందుకు రాలిందో నీ పుస్తకంలో వెతికాను, లేదు. ఇక నుంచి అది చూడు.

అంతా బాగానే ఉంది గానీ, నూట పద్దెనిమిదో పేజీలో నువ్వు చేత్తో రాసిన వాక్యం కింద తేదీ లేదు. పైనా లేదు, పక్కనా లేదు. ఇంతా పోట్లాడి, అయిదు కాపీల్లో అయిదుసార్లు రాసి, ఒక్కదాని కిందా వెయ్యలేదు. మిగతా నాలుగూ లైబ్రరీ పాలయ్యాయి, నా చేతిలో లేవు. ఇదొక్కటి ఉంది. నేను వేద్దామని పెన్ను తీసి, మళ్లీ మూత పెట్టేశాను. ఎవరు రాస్తే వాళ్లే వెయ్యాలి.

ఈ ఆదివారం రా. పెన్ను బల్ల మీద పెట్టి ఉంచుతాను.

బాబాయి